అమ్మ కుడి భుజానికి కీహోల్ ఆపరేషన్ అంటున్నారు – చేపిచ్చుకున్నోళ్ళు ఉంటే కొంచెం చెప్పండి

కర్నూలు_చిన్నోడు
అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడూ చదవడమేగానీ రాసింది తక్కువ. మాది కర్నూలు. అమ్మకి 58, షుగరు చాలా ఏళ్ళనుంచి ఉంది. పోయిన సంక్రాంతి తిరిగినప్పటినుంచి కుడి భుజం నొప్పి అంటాంది, మొదట్లో జొన్నరొట్టెలు తట్టి తట్టి పట్టేసిందేమోలే అని బామ్ పూసి వదిలేసినాం. ఇప్పుడు జడ వేసుకోలేదు, చెయ్యి వెనక్కి పెట్టి చీర దోపుకోలేదు, రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే చాలు లేచి కూర్చుంటాది. ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఎమ్మారై తీపిచ్చినారు. రిపోర్టులో సుప్రాస్పినేటస్ పార్షియల్ థిక్‌నెస్ టియర్ అని ఉంది, అంటే భుజం పైన కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు, అదే టెండన్, కొంత మందం చినిగిందంట, కింద ఇంకో లైన్లో క్యాప్సూల్ థికెనింగ్ అని కూడా ఉంది. డాక్టరు ఫిల్ము లైటుకి పెట్టి చూసి, కండరం చినిగింది, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి కీహోల్‌లో కుట్టేద్దాం, రెండోరోజు ఇంటికి పోవచ్చు, లక్షన్నర, యాంకర్లకి, అంటే ఎముకలో దిగ్గొట్టి కుట్టు పట్టిచ్చే చిన్న మేకులకి, వేరే అన్నాడు. అమ్మ చెయ్యి మాత్రం ముట్టుకోలేదు. చిన్న రంధ్రాలే కదా చేపిచ్చేద్దాం అని నాన్న, కోయిపిచ్చుకునేది లేదు అని అమ్మ. మధ్యలో నేను. ఎవరైనా చేపిచ్చుకునింటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కడప_ఫిజియో_అక్క
తమ్ముడూ, ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఇంట్లోనే ఒకటి చూసి చెప్పు. అమ్మని కూర్చోబెట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజెయ్యి ముందుకి చాపిచ్చి, నువ్వు మెల్లగా ఆ ముంజేతిని బయటివైపుకి తిప్పు. ఎడమ చేతికీ అట్లనే చేసి రెండూ పోల్చు. కుడిచెయ్యి నువ్వు తిప్పినా కూడా కొంచెం దూరం పోయి గట్టిగా ఆగిపోతాందా, లేక నువ్వు తిప్పితే పోతుంది గానీ అమ్మంతట అమ్మ ఎత్తలేకపోతాందా? ఈ రెండూ వేరే వేరే జబ్బులప్పా. ఎవరు తిప్పినా పోకపోతే కీలు చుట్టూ ఉండే సంచి, అదే క్యాప్సూల్, బిగుసుకుపోయిందని ఎక్కువ అనుమానం, ఫ్రోజెన్ షోల్డర్ అనేది దాన్నే. వేరేవాళ్ళు ఎత్తితే చెయ్యి పోతాది, వదిలేస్తే నిలబెట్టుకోలేదు అంటే టెండన్ చినిగిందని అనుమానం. ఎక్స్‌రే తీపిచ్చినారా లేదా అదీ చెప్పు, కీలు అరిగినా చెయ్యి బయటికి తిరగదు.

షుగరు ఉన్నోళ్ళకి ఫ్రోజెన్ షోల్డర్ మామూలోళ్ళకంటే చాలా ఎక్కువ వస్తాది. రిపోర్టులో టియర్ అనే మాట చూసి భయపడాకండి, 60 దాటినోళ్ళలో నొప్పీ గిప్పీ లేకుండా తిరిగేవాళ్ళకి కూడా ఎమ్మారై తీస్తే ఎంతోమందికి ఏదో ఒక చినుగు కనపడతాది.

తాడిపత్రి_బండలన్న
నేను చేపిచ్చుకున్నా. మాది నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్, బండ దింపేటప్పుడు కాలు జారి చెయ్యి చాపి పడినా, టక్‌మని శబ్దం నాకే వినపడె, ఆ పొద్దునుంచి చెయ్యి లేచేది లేదు. ఎడమచేత్తో ఎత్తితే కుడిచెయ్యి పైకి పోయేది, వదిలితే దబ్‌మని పడిపోయేది, అక్క చెప్పిన రెండో రకం అన్నమాట. బెంగళూరులో చూపిచ్చినాం, మొత్తం తెగిపోయింది, ఆర్త్రోస్కోపీలో, అదే కీహోల్‌లో, కుడతాం అన్నారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెప్తాండా. మెడ పక్కన సూది వేసి చేతికి తిమ్మిరి ఎక్కిచ్చి, మళ్ళా పూర్తి మత్తు కూడా ఇచ్చినారు. లేచేసరికి చెయ్యి నాది కాదన్నట్టు వేలాడతాండాది, ఆ తిమ్మిరి మరుసటి రోజు దాకా పోలే. నాలుగు చిన్న గాట్లు, ఒక్కొక్కటి సెంటీమీటరు కూడా ఉండదు. లోపల కనపడాలని ఉప్పునీళ్ళు, అదే సెలైన్, పంపు పెట్టి ఎక్కిస్తారంట, భుజం ఉబ్బిపోయి నా చొక్కా నాకే పట్టలే, ఒకటి రెండు రోజుల్లో దిగిపోయింది. తిమ్మిరి దిగిన రాత్రి మాత్రం దేవుడు కనపడినాడు సామీ, మాత్రలు ముందే వేసుకోమని నర్సు చెప్తే నొప్పి లేదు కదా ఎందుకులే అని కూర్చున్నా.

ఆపరేషన్ ఒక పూట. తర్వాతిది ఉంది చూడు అదీ కథ. చంక కింద దిండు ఉండే బెల్టు 6 వారాలు, పండుకుంటే నొప్పి, పడక కుర్చీలోనే నిద్ర. కుడిచేత్తో అన్నం కలిపేది లేదు, మా ఆడోళ్ళు కలిపి పెడితే ఎడమచేత్తో స్పూన్ పెట్టుకుని తినాల, పెండ్లిళ్ళకి పోవడం మానుకున్నా. చొక్కా వేసుకోవాలంటే ముందు ఆపరేషన్ చేసిన చెయ్యి, విప్పాలంటే చివర ఆ చెయ్యి. బండి తోలేది లేదు. యూనిట్లో బరువు ముట్టుకోవడానికి ఆరు నెలలు దాటింది. ఇప్పుడు బాగుంది, చెయ్యి తలపైకి పోతాది, బండ మాత్రం ఎత్తను. నాకు చేపిచ్చుకోకుంటే గతి లేదు కాబట్టి చేపిచ్చుకున్నా. మీ అమ్మది అట్లా ఉండాదో లేదో అదీ చూసుకోండి ముందు.

ప్రొద్దుటూరు_పెద్దాయన
మా బామ్మర్దికి కూడా ఇట్లనే కీహోల్ అనే చేసినారు, భుజం పైన ఎముక కిందికి ఒరుసుకుంటాంది, గీకితే సరిపోతాది అని. గీకినారు. డబ్బులు పోయె, నొప్పి అట్లనే ఉండె. యాడ చేపిచ్చినాడో చెప్పను, అడగాకండి. ఈ కెమెరా ఆపరేషన్లు అన్నీ బిల్లు కోసమే. పుత్తూరు పోయి కట్టు కట్టిపిచ్చుకోండి, మూడు కట్లకి సరిపోతాది.

కడప_ఫిజియో_అక్క
పెద్దాయనా, మీ బామ్మర్ది బాధ నిజమే, దాన్ని కాదనను. కానీ ఎముక గీకేది వేరు, తెగిన టెండన్‌ని ఎముకకి కుట్టేది వేరు, జారిపోయే భుజాన్ని బిగించేది వేరు, అన్నీ అదే కెమెరాతోనే చేస్తారు. ఒకటి పని చెయ్యలేదని అన్నీ బిల్లు కోసమే అంటే తాడిపత్రి అన్న చెయ్యి ఎట్లా లేచింది?

పుత్తూరు కట్టు గురించి: ఎముక విరిగినప్పటి మాట పక్కన పెడదాం, తెగిన టెండన్ పైన కట్టు కడితే అతుక్కోదు. బిగిసిన భుజాన్ని నూనె పోసి బలవంతంగా గుంజితే ఆ వయసు ఆడవాళ్ళ ఎముక పెళుసుగా ఉంటాది, విరిగే ప్రమాదం ఉంది. ఆ ఒక్కటీ చెయ్యాకండి.

అనంత_రిటైర్డ్_సారు
ఎముక గీకే ఆపరేషన్ గురించి పెద్దాయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. ఇంగ్లండులో దీన్ని గట్టిగానే పరీక్షించినారు, 2018లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది, సీసా (CSAW) ట్రయల్ అంటారు. 32 ఆసుపత్రుల్లో 313 మంది. కొందరికి నిజంగా ఎముక గీకినారు, కొందరికి కెమెరా పెట్టి లోపల చూసి ఊరికే బయటికి వచ్చినారు, కొందరికి ఏమీ చెయ్యలేదు. గీకినవాళ్ళకీ ఊరికే చూసినవాళ్ళకీ తేడా రాలేదు. ఏమీ చెయ్యనివాళ్ళకంటే ఈ రెండు గుంపులకీ రవ్వంత మేలు, అది కూడా రోగికి తెలిసేంత పెద్దది కాదు. అయితే అందులో ఉన్నది టెండన్ పూర్తిగా తెగనివాళ్ళు, ఒరుసుకునే నొప్పి ఉన్నవాళ్ళు. తాడిపత్రి ఆయన కేసుకి దాన్ని అంటగట్టకూడదు.

ఫ్రోజెన్ షోల్డర్‌కి కూడా బ్రిటన్‌లోనే ఇంకొకటి చేసినారు, 503 మంది మీద, అది 2020లో వచ్చింది. మత్తిచ్చి చెయ్యి విరిచినట్టు తిప్పడం, కెమెరాతో క్యాప్సూల్ కోసి వదులు చెయ్యడం, స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో ఫిజియోథెరపీ, ఈ మూడింట్లో ఏడాది తిరిగేసరికి ఏదీ మిగతావాటిని చెప్పుకోదగ్గంతగా మించలేదు. కోసినవాళ్ళలో ఇబ్బందులు కొంచెం ఎక్కువ, ఇంజక్షన్ వాళ్ళలో కొందరికి తర్వాత ఇంకేదైనా చెయ్యాల్సొచ్చింది. కాబట్టి అమ్మగారిది బిగుసుకుపోవడమే అయితే కోతతో మొదలుపెట్టే తొందర లేదు.

సందర్భం కాకపోయినా ఒకటి చెప్పి ముగిస్తా. కీలు లోపలికి గొట్టం పెట్టి చూసిన మొదటివాళ్ళలో జపాన్ వాళ్ళు ఉండారు. 1918లో టోక్యోలో టకాగి అనే డాక్టరు మూత్రాశయం చూసే గొట్టంతో శవం మోకాలు లోపలికి చూసినాడు. అప్పట్లో క్షయ వచ్చి మోకాళ్ళు బిగుసుకుపోయేవి, నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చునే జనానికి అది ఎంత కష్టమో మనకి చెప్పనక్కర్లేదు. ఆయన శిష్యుడు వతనబె దాన్ని పనికొచ్చే సాధనంగా తయారు చేసినాడు. న్యూయార్కులో బర్మన్ అనే ఆయన 1931 నాటికి శవాల భుజంలోకి కూడా చూసి రాసినాడు. ఇప్పుడు వాడే గొట్టం 4 మిల్లీమీటర్లే.

బౌలర్_బాబు_అనంతపురం
సార్ క్లాసు సూపర్ 😀 నాది మూడో రకం, భుజం జారేది. ఫస్టు టైము డైవ్ కొట్టి పడితే భుజం ఎముక గుండు బయటికొచ్చింది, అప్పుడు నాకు 19. ఎక్కిచ్చినారు, కట్టు కట్టినారు, బాగైందనుకుని మళ్ళా బౌలింగ్‌కి పోయినా, తర్వాత టీషర్టు విప్పుతుంటే జారింది, ఒకసారి నిద్రలోనే జారింది. చిన్న వయసులో మొదటిసారి జారినోళ్ళకి మళ్ళా జారే చాన్సు చాలా ఎక్కువంట, ఆ మాట నాకు ఎవరూ ముందు చెప్పలే.

బాంకార్ట్ రిపేర్ చేసినారు. గుండు కూర్చునే గిన్నె అంచుకి రబ్బరు వాషర్ లాంటిది ఉంటాది లేబ్రమ్ అని, అది ఊడిపోయింటే యాంకర్లు పెట్టి మళ్ళీ కట్టేస్తారు. చేసే ముందు సీటీ తీసి గిన్నె ఎముక ఎంత అరిగిందో చూసినారు, ఎక్కువ అరిగింటే కెమెరాతో కుట్టింది నిలబడదు, భుజం ముందున్న చిన్న ఎముక ముక్క కోసి తెచ్చి అక్కడ స్క్రూ కొట్టే లటార్జే అనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. నాది అంతదూరం రాలే. మళ్ళా గ్రౌండ్‌కి పోయినాగానీ ముందున్నంత స్పీడు లేదు, ఇప్పుడు స్పిన్ వేస్తాండా, వికెట్లు పడ్తాండాయి కాబట్టి ఏం బాధ లేదు.

బండలన్నా, ఆ యాంకర్లు లోపలే ఉంటాయా నీకు? ఎయిర్‌పోర్టులో మోగుతాదా అని మా అవ్వ అడుగుతాంది.

తాడిపత్రి_బండలన్న
లోపలే ఉంటాయి అబ్బీ, తీసేది లేదు. నావి మూడు, ప్లాస్టిక్ లాంటివి అన్నారు. అవ్వకి చెప్పు, మోగదులే అని.

కడప_ఫిజియో_అక్క
కొన్ని టైటానియంవి, కొన్ని పీక్ అనే ప్లాస్టిక్‌వి, కొన్ని మెల్లగా ఒంట్లో కరిగిపోయేవి, డాక్టరు టియర్‌ని బట్టి వాడతారు. చిన్నోడా, మీకు కూడా ఆపరేషన్ అంటే ఏ యాంకరు, ఎన్ని, ఒక్కోటి ఎంత అని ముందే కాగితం మీద రాపిచ్చుకోండి, బిల్లు పెరిగేది ఆడే.

నంద్యాల_నాగమణి
స్కీము సంగతి ఎవరూ రాయలేదు. ఆరోగ్యశ్రీనే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. కార్డు ఉంటే ఆ హాస్పిటల్ లిస్టులో ఉందా అని కాదు, మీకు చెప్పిన ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, అందులో యాంకర్లు కలుస్తాయా అని అడగండి, ఇవి రెండు వేరే ప్రశ్నలు. నెట్‌వర్క్ హాస్పిటళ్ళలో ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటాది, డాక్టరు కంటే ముందు ఆయన్ని కలవండి. కర్నూలు పెద్దాసుపత్రి ఎముకల ఓపీలో ఒకసారి చూపిచ్చండి, తిరుపతిలో టీటీడీ వాళ్ళ బర్డ్ కూడా ఎముకల ఆసుపత్రే. రెండో డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు రిపోర్టు ఒక్కటే కాదు, ఎమ్మారై ఫిల్ములు, సీడీ కూడా తీసుకుపోండి, రిపోర్టు మాత్రమే చూపిస్తే మళ్ళీ తీపియ్యమంటారు.

కర్నూలు_చిన్నోడు
అందరికీ థాంక్స్. అక్కా, నువ్వు చెప్పినట్టు చేసి చూసినా. ఎడమది బాగా బయటికి తిరిగింది, కుడిది ఒక్క రవ్వ పోయి గోడకి ఆనుకున్నట్టు ఆగిపోయింది, అమ్మ నోట్లోంచి తిట్టు వచ్చింది. పైకి కూడా నేను ఎత్తినా భుజం ఎత్తు దాటడం లేదు, దాటిస్తే రెక్క ఎముకతో సహా మొత్తం లేస్తాంది. ఎక్స్‌రే నార్మలే అన్నారు.

కడప_ఫిజియో_అక్క
అయితే బిగుసుకుపోయిందే ముందుంది. ఆ పార్షియల్ చినుగు పక్కన ఉంటే ఉండొచ్చుగానీ ఇంత బిగుసుకున్న భుజంలో ముందు కుట్టు వేస్తే ఇంకా బిగుసుకుంటాది. నేను డాక్టర్ని కాదు, ఇంకో ఎముకల డాక్టరుకి, వీలైతే భుజాలు ఎక్కువ చూసేవాళ్ళకి చూపిచ్చండి. మూడు నెలల షుగరు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేపిచ్చుకునే పోండి, ఇంజక్షనైనా ఆపరేషనైనా ముందు అదే అడుగుతారు.

కర్నూలు_చిన్నోడు
అప్‌డేట్. ఇంకో డాక్టరుకి చూపిచ్చినాం. ఆయన ఫిల్ము తర్వాత చూసినాడు, ముందు అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి వెనకనుంచి రెక్క ఎముక ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో భుజం అన్ని వైపులా తిప్పినాడు. అక్క చెప్పిందే చెప్పినాడు, ఫ్రోజెన్ షోల్డర్, చినుగు సగం కూడా లేదు, ఇప్పుడు కుట్టే పని లేదు. దానంతట అదే వదులైతాదిగానీ ఒక ఏడాది నుంచి రెండు మూడేళ్ళు పట్టొచ్చు, షుగరు ఉంటే ఇంకా మొండి అన్నాడు. స్టెరాయిడ్ ఇంజక్షన్ కీలులో వేసి ఫిజియో మొదలుపెట్టిచ్చినాడు. కొన్ని నెలలు చూసి అప్పటికీ బిగుసుకునే ఉంటే అప్పుడు కెమెరాతో క్యాప్సూల్ వదులు చేసే మాట మాట్లాడుకుందాం అన్నాడు.

ఇంజక్షన్ వేసినాక షుగరు గుర్రమెక్కింది, 300 దాటింది, ముందే చెప్పినారు కాబట్టి రోజూ చూసుకుంటూ మాత్రలు డాక్టరు చెప్పినట్టు మార్చినాం, కొన్ని రోజులకి దిగింది. రాత్రి నిద్ర మాత్రం వెంటనే వచ్చింది, ఇప్పుడు ఇంట్లో అందరం పండుకుంటాండాం. ఎక్సర్‌సైజులంటే అమ్మకి ఒళ్ళుమంట, ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి గుండ్రంగా తిప్పేది బాగనే చేస్తాది, గోడమీద వేళ్ళతో పైకి పాకించేది చెయ్యమంటే గోడకి సున్నం ఊడిపోతాది అంటాది. నాన్న పెన్సిల్‌తో గోడమీద రోజూ ఎంతవరకు పోయిందో గీత గీస్తాండాడు. ఈ మధ్య గీతలు తలుపు గడియ దాటినాయి. వెనక్కి చెయ్యి పోవడం మాత్రం ఇంకా లేదు.

కడప_ఫిజియో_అక్క
వెనక్కి పోయేది మామూలుగా చివర వస్తాది, కంగారు పడాకండి. ఎక్సర్‌సైజు ముందు పదినిమిషాలు వేడినీళ్ళ కాపడం పెట్టండి. చేసినాక నొప్పి కొంచెంసేపు ఉండి తగ్గితే సరే, రాత్రంతా ఉందంటే జాస్తి చేసినారని. చదివే మిగతావాళ్ళకి ఒక మాట: ఈ గోడ పాకుడు బిగిసిన భుజానికి. టెండన్ కుట్టిపిచ్చుకున్నోళ్ళు మొదటి వారాల్లో ఇది చేస్తే కుట్టు ఊడొస్తాది. యూట్యూబులో చూసి మొదలుపెట్టాకండి, మీ సర్జను ఏ వారం ఏది చెయ్యమన్నాడో ఆ కాగితం ప్రకారమే.

ప్రొద్దుటూరు_పెద్దాయన
మంచిదేలే. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినాడంటే నమ్మొచ్చు.

కోడుమూరు_రైతు
అన్నలారా నాది కూడా భుజమే, ఇక్కడే అడుగుతాండా. మా నాయనకి 62, మొన్న ట్రాక్టరు ట్రైలర్ మీదనుంచి పడినాడు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, ఏం కాలేదు నూనె పూసుకో అన్నారు. నొప్పి కొంచెం తగ్గిందిగానీ చెయ్యి పక్కకి లేచేది లేదు, నేను ఎత్తితే పోతాది. పైన చదివినట్టు ఇది కూడా ఫిజియోతో కొన్ని నెలలు చూద్దామా? శనగలు వేసే పని ఉంది.

కడప_ఫిజియో_అక్క
లేదు తమ్ముడూ, మీది పైదానికి పూర్తిగా తిరగబడిన కేసు. పడినాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోవడం, వేరేవాళ్ళు ఎత్తితే పోవడం అంటే టెండన్ తెగిందేమో చూడాల్సిందే, ఎక్స్‌రేలో టెండన్ కనపడదు. అల్ట్రాసౌండో ఎమ్మారైయో చెయ్యాల. నెలలు వదిలేస్తే తెగిన కొస లోపలికి గుంజుకుపోతాది, కండరం కొవ్వుగా మారుతాది, అప్పుడు కుడదామన్నా అందదు. భుజం బయటి పక్క చర్మం తిమ్మిరిగా ఉందేమో కూడా అడుగు, పడినప్పుడు నరం దెబ్బ తిన్నా చెయ్యి లేవదు. ఈ వారంలోనే చూపిచ్చు.

తాడిపత్రి_బండలన్న
నాది కూడా సరిగ్గా ఇట్లనే ఉండె. శనగలు ఎవరైనా వేస్తారులే అబ్బీ, ముందు నాయన్ని తీసుకుపో. బీడీ తాగుతాడా? తాగితే ఇప్పుడే మానిపియ్యి, కుట్టినా సరిగ్గా అతుక్కోదంట, నాకు అదే మొదటి షరతు పెట్టినారు.

కోడుమూరు_రైతు
తాగుతాడన్నా, రోజుకి కట్ట. ఎల్లుండి కర్నూలు తీసుకుపోతాం. తిమ్మిరి అడిగినా, లేదంటాడు. ఎమ్మారై తీసినాక రిపోర్టు ఇక్కడ పెడతా.

అడ్మిన్
రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పేరు, ఫోన్ నంబరు కనపడకుండా మూసి పెట్టండి. కోడుమూరు తమ్ముడి కేసుకి వేరే థ్రెడ్ తెరుస్తాండా, జవాబులు అక్కడ రాయండి.